గీత మీద మాట

2025 జూన్‌లో బడి తెరిచాక రెండో వారం. తొమ్మిదో తరగతిలో హాజరు వేస్తుంటే, వెనక బెంచీ కుర్రాడు మూడు రోజుల తర్వాత కనిపించాడు. మోచేతుల మీద, మెడ పక్కన మామిడి సొన కాలిన మచ్చలు. "ఏరా, ఎక్కడికి పోయినావు?" అన్నాను. "గుజ్జు ఫ్యాక్టరీ కాడ ఉన్నా మేడమ్. మా ట్రాక్టరు లైన్లో ఉంది. నాయన అన్నం తిని వచ్చేదాకా నేను కావలి" అన్నాడు. రెండు రాత్రులు ట్రాలీ కిందే పడుకున్నాడట.

ఆ ఒక్క మాటతో క్లాసంతా గోల మొదలైంది. "మా కాయ వ్యాపారుల ర్యాంపులోనే పోసేసినాం మేడమ్, అడిగినంతకే ఇచ్చేసినాం." "మా మామ కోత కూలి గిట్టదని చెట్టుకే వదిలేసినాడు." "మా ఊరి రోడ్డు పక్కన పారబోసినారు మేడమ్, వాసనకి నడవలేకపోతున్నాం." నా సంచిలో ఆ రోజుకు 'జలవనరులు' ప్రాజెక్టు కాగితం ఉంది. దాన్ని బయటికి తీయలేదు.

నేను చిత్తూరు నుంచి బెంగళూరు పోయే రోడ్డుకు కొంచెం లోపలగా ఉన్న జడ్పీ హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా వైపు తోటల్లో ఎక్కువ భాగం తోతాపురే. పెద్దవాళ్లు ఇంకా బెంగుళూర కాయ అనే అంటారు. బేనీషా లాగా ఇంట్లో తినడానికో పండు బుట్టలో పెట్టి పంపడానికో కాదు, గుజ్జు ఫ్యాక్టరీకి పోవడానికే పండిస్తారు. ఫ్యాక్టరీ గేటు ఎంత తెరిస్తే మా పిల్లల ఇళ్లలో అంత డబ్బు. ఆ ఏడాది గేటు సరిగా తెరుచుకోలేదు.

ప్రాజెక్టు అంటే మా బడిలో ఏం జరిగేదో దాచకుండా చెప్పాలి. స్టాఫ్ రూమ్ బీరువాలో చుట్టలు చుట్టిన చార్టులు నిండా ఉన్నాయి. థర్మాకోల్ అగ్నిపర్వతం ఒకటి ఏళ్లుగా దుమ్ము పట్టి కూర్చుంది. ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి విడిగా మార్కులు ఉన్నాయి కాబట్టి పిల్లలు బస్టాండు దగ్గరి నెట్ సెంటరుకు పోయి ప్రింటు తీయించుకుని, అట్ట మీద అతికించి, చుట్టూ స్కెచ్ పెన్నుతో బోర్డరు గీసి తెచ్చేవాళ్లు. మా బడి ప్రాజెక్టులన్నీ నాకన్నా ముందు ఆ నెట్ సెంటరు ఆయనే చదివి ఉంటాడు. నేనూ తక్కువ తిన్నదాన్ని కాదు. బోర్డరు బాగుంటే ఒక మార్కు ఎక్కువే వేశాను.

ఒక శిక్షణలో మాకు చెప్పారు, ఇదేం కొత్త సంగతి కాదని. అమెరికాలో కిల్‌పాట్రిక్ అనే ఆయన 1918లోనే ప్రాజెక్టు పద్ధతి గురించి రాశాడు. 1937లో వార్ధాలో గాంధీ గారు చేతిపని చుట్టూ చదువు అల్లాలన్నారు. 2020 జాతీయ విద్యా విధానమూ చేస్తూ నేర్చుకోవాలనే అంటుంది. అదే శిక్షణలో 'ఆలోచనా సాధనాలు' అంటూ కొన్ని పటాల జిరాక్సులు ఇచ్చారు. నేను వాటిని ఫైల్లో పెట్టి మర్చిపోయాను. ఆ సొన మచ్చలు చూసిన రోజు సాయంత్రం వెతికి బయటికి తీశాను.

ముందు ప్రశ్న దొరకాలి కదా. దానికే ఒక పీరియడు పోయింది. "దేని మీద చేద్దాం?" అంటే "మామిడి రైతుల సమస్యలు" అన్నారు. అది ప్రశ్న కాదు, వ్యాసం పేరు. దానికి నెట్ సెంటరులో రెండు నిమిషాల్లో ప్రింటు వస్తుంది. "మీకు నిజంగా తెలియనిది ఏమిటి?" అని తిప్పి తిప్పి అడిగితే చివరికి ఆ కుర్రాడే, కొంచెం విసుగ్గా, "మా ట్రాక్టరు మూడు రోజులు ఎందుకు నిలబడిందో అదే తెలీదు మేడమ్" అన్నాడు. బోర్డు మీద అదే రాశాను. అతని మాటల్లోనే.

మొదటి సాధనం మూడు గళ్ల పట్టిక. నాకేం తెలుసు, ఏం తెలుసుకోవాలి, ఏం నేర్చుకున్నాను. డోనా ఓగల్ అనే ఆవిడ 1986లో పాఠం చదివించడం కోసం దీన్ని తయారు చేశారు. కాగితాలు పంచి పది నిమిషాలు ఇచ్చాను. మొదటి గడిలో వచ్చినవి ఇవి: "మామిడి మన జాతీయ ఫలం." "మామిడి పండ్లలో రారాజు." "మామిడిలో విటమిన్లు ఉంటాయి." ట్రాలీ కింద రెండు రాత్రులు పడుకున్న పిల్లవాడు కూడా జాతీయ ఫలం అనే రాశాడు!

నాకు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది. 'తెలుసు' అంటే పుస్తకంలో ఉన్నది, పరీక్షలో రాసేది అని ఇన్నేళ్లూ నేర్పింది మేమే. ఇంట్లో విన్నది, కళ్లతో చూసింది వాళ్ల లెక్కలో తెలిసిన దాని కిందికి రాదు. పైగా తప్పు రాస్తే మార్కు పోతుందేమోనన్న భయం. మర్నాడు మొదటి గడి పేరు మార్చాను. 'నాకు తెలుసు' కొట్టేసి 'నేను అనుకుంటున్నాను' అని పెట్టాను. ఒక్క మాట మారింది, అంతే. కాగితాలు నిండిపోయాయి. కొందరు వెనక్కి తిప్పి రాశారు. "ఈసారి కాత ఎక్కువ." "ఫ్యాక్టరీ వాళ్లు కావాలనే ఆలస్యం చేస్తారు, కాయ మెత్తబడితే రేటు తగ్గించొచ్చని." "కర్ణాటక కాయ వచ్చేస్తోంది." "టోకెను ఉన్నవాళ్లకే లోపలికి." ఆ రాత్రి కాగితాలు దిద్దుతూ కూర్చోలేదు, చదువుతూ కూర్చున్నాను.

రెండోది చేపముల్లు పటం. జపాన్‌లో కవోరు ఇషికావా ఫ్యాక్టరీల్లో సరుకు ఎక్కడ చెడుతోందో వెతకడానికి వాడుకలోకి తెచ్చిన పటం. తల దగ్గర సమస్య, వెన్నెముకకు అటూ ఇటూ ముళ్లు, ఒక్కో ముల్లు ఒక్కో రకం కారణం. చార్టు మీద వేయిస్తే మళ్లీ బోర్డరు గీస్తారని వరండా నేల మీద సుద్దతో వేయించాను. తుడిచేది కాబట్టి ఎవరికీ భయం లేదు. తల దగ్గర ట్రాక్టరు బొమ్మ. ముళ్లకు పేర్లు వాళ్లే పెట్టారు: కాత, ఫ్యాక్టరీ, రోడ్డు, పక్క రాష్ట్రం, ప్రభుత్వం. ఆరో ముల్లుకు పేరు దొరక్క నిలబడి ఉంటే ఒక అమ్మాయి మెల్లగా "మనం" అంది. "మనమేం చేసినాం?" అని పక్కవాళ్లు ఎగబడ్డారు. "అందరం ఒకటే కాయ పెట్టినాం కదా. అందరిదీ ఒకేసారి కోతకు వస్తే లైను కాక ఏమైతాది?" అంది. ఆ ముల్లు నా బుర్రకు తట్టలేదు. ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

ఇక్కడే 'ఐదుసార్లు ఎందుకు' అనేది కూడా ప్రయత్నించాను. టయోటా వాళ్ల దగ్గర పుట్టిన పద్ధతి, ఒక్కో జవాబు మీద మళ్లీ 'ఎందుకు' అని అడుగుతూ మూలానికి పోవడం. మా దగ్గర అది మూలానికి పోలేదు, మనిషి మీదికి పోయింది. ట్రాక్టరు ఎందుకు ఆగింది? ఫ్యాక్టరీ తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదు? వాళ్లు దొంగలు. ఎందుకు దొంగలు? వాళ్లంతే. మూడో 'ఎందుకు'కే తిట్లు మొదలయ్యాయి.

ఆ తిట్లు వింటూ ఇద్దరు పిల్లలు తల వంచుకుని ఉన్నారు. ఒక అబ్బాయి వాళ్ల నాన్న గుజ్జు ఫ్యాక్టరీలో మెషీను దగ్గర పనిచేస్తాడు. ఒక అమ్మాయి వాళ్లమ్మ సీజన్‌లో అక్కడ కాయ కోసే పనికి పోతుంది. ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉండాల్సింది. ఊళ్లో ఒక సమస్యను క్లాసులోకి తెచ్చేముందు ఆ సమస్యకు రెండు పక్కలా ఎవరి పిల్లలు ఉన్నారో చూసుకోవాలని ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు. నేనూ చూసుకోలేదు. వెంటనే ఆపేసి, బెల్లు కొట్టేదాకా వేరే మాటలు మాట్లాడించాను.

మర్నాడు మూడు రంగుల సుద్దముక్కలు పట్టుకెళ్లాను. ఇది ఏ జిరాక్సులోనూ లేదు, రాత్రి నిద్ర పట్టక తట్టింది. ముళ్ల మీద ఉన్న ప్రతి మాటనూ మళ్లీ రాయాలి. కళ్లతో చూసిందైతే తెలుపు. ఎవరో చెబితే విన్నదైతే పసుపు. మనమే అనుకుంటున్నదైతే ఎరుపు. ఎవరి మాట తప్పు అని నేను అనలేదు, రంగు వేయమన్నాను, అంతే. అరగంటలో వరండా నేలంతా పసుపు, ఎరుపు. తెలుపు అక్కడక్కడ. "కావాలనే ఆలస్యం చేస్తారు" అన్న కుర్రాడు ఎరుపు సుద్ద పట్టుకుని చాలాసేపు నిలబడి, "ఇది పసుపు మేడమ్, మా నాయన చెప్పినాడు" అన్నాడు. సరే పసుపే అన్నాను. అప్పుడే ఆ తల వంచుకున్న అమ్మాయి వచ్చి ఫ్యాక్టరీ ముల్లు మీద తెల్ల సుద్దతో రాసింది: "పోయిన ఏడాది గుజ్జు డ్రమ్ములు ఇంకా అమ్ముడు పోలేదు." "నువ్వు చూసినావా?" అని నలుగురు ఒకేసారి అడిగారు. "మా అమ్మ చూసింది" అంది. తెలుపా పసుపా అని పది నిమిషాల వాదన. ఆఖరికి దాన్ని తుడిచి పసుపుతోనే రాసింది కానీ, మళ్లీ ఎవరూ దొంగలు అనలేదు.

ఆ వారం పిల్లలు సేకరించిన వాటి గురించి ఎక్కువ చెప్పను. రోడ్డు పక్క ఊళ్ల పిల్లలు బడికి వస్తూ లైన్లో ఉన్న ట్రాక్టర్లు లెక్కపెట్టారు. ఒకే రోజు, ఒకే రోడ్డు, ఒకడు 64 అన్నాడు, ఇంకొకడు 41 అన్నాడు. ఒకడు టాటా ఏస్ బండ్లను కూడా కలిపాడని తర్వాత తేలింది. ఏది లెక్క, ఏది కాదు అని ముందే అనుకోవాలని అప్పుడు వాళ్లకే తెలిసింది. ఇంకొకడు నాన్న జేబు నోటుబుక్కు తెచ్చాడు. అప్పటికి ప్రభుత్వం కిలోకు 12 రూపాయలని చెప్పింది, ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. నాలుగు టన్నుల లోడుకు ఎంత రావాలో బోర్డు మీద వేశారు: 48 వేలు. అందులో 32 వేలు ఫ్యాక్టరీ నుంచి, 16 వేలు ప్రభుత్వం నుంచి. తర్వాత కోత కూలి, ట్రాక్టరు బాడుగ రోజుకింతని మూడు రోజులకు, ట్రాలీ అడుగున మెత్తబడిపోయిన కాయ తీసేస్తూ పోయారు. లెక్కల సారు పక్క గది నుంచి వచ్చి కిటికీలో నిలబడి చూసి, "మా శాతాల పాఠం అయిపోయినట్టేనా?" అని నవ్వి వెళ్లాడు.

ఇక నాలుగో సాధనం. దీని గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

భావనల పటం అంటారు. 1972 ప్రాంతంలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నోవాక్, ఆయన తోటివాళ్లు తయారు చేశారు, పిల్లలకు సైన్సు ఎంత అర్థమవుతోందో చూడడానికి. మనం మామూలుగా వేయించే మైండ్ మ్యాప్ లాగే కనిపిస్తుంది. మధ్యలో ఒక మాట, చుట్టూ గళ్లు, గీతలు. ఒకటే తేడా. ఇందులో గీత మీద కూడా మాట రాయాలి. ఈ గడికీ ఆ గడికీ ఏమిటి సంబంధం, గీత చెప్పాలి. మైండ్ మ్యాపులు నేను చాలా వేయించాను. ముచ్చటగా ఉంటాయి, నాలుగు రంగులు పడతాయి, తనిఖీకి వచ్చినవాళ్లకు నచ్చుతాయి. వాటిలో గీత అంటే 'ఇదీ దానికి సంబంధించిందే' అని చెప్పి తప్పించుకోవడం. ధర పక్కన వాన, వాన పక్కన రైతు. సంబంధం ఉంది, సరే. ఏమిటది?

పాత క్యాలెండరు కాగితాల వెనక నాలుగైదు అతికించి పెద్ద కాగితం చేశాం. గళ్లు గబగబా వచ్చాయి: వాన, కాత, ధర, కోత కూలి, లైను, గుజ్జు, ఫ్యాక్టరీ, కర్ణాటక, ప్రభుత్వం, అప్పు. గీతలు ఇంకా గబగబా వచ్చాయి. అన్నిటినీ అన్నిటికీ కలిపేశారు, సాలెగూడు. "ఇప్పుడు ప్రతి గీత మీదా ఒక మాట రాయండి. రాయలేని గీతను కొట్టేయండి" అన్నాను. చప్పుడు ఆగిపోయింది. ఆ పీరియడులో ఏడే గీతలకు మాటలు దొరికాయి.

కర్ణాటక నుంచి ధరకు ఉన్న గీత చూడండి. "కాయ వచ్చి ధర పడగొట్టింది" అని రాశారు. ఒక కుర్రాడు పేపరు చదివే ఇంట్లోంచి వచ్చేవాడు. "జూన్ మొదట్లోనే కర్ణాటక తోతాపురి మన జిల్లాలోకి రానీయకుండా ఆపేసినారు కదా. వాళ్ల సీఎం సిద్ధరామయ్య మన సీఎంకు ఉత్తరం కూడా రాసినాడు" అన్నాడు. "అయితే ఏం?" అన్నారు. "ఆపేసినాక ధర లేచిందా మరి?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. గీత కొట్టేయలేదు గానీ, మీది మాట మార్చారు: "కొంచెం." అంత చిన్న మాట కోసం వాళ్లు పడ్డ తంటా చూస్తే ముచ్చటేసింది. పెద్దవాళ్లం టీవీ ముందు కూర్చుని ఆ 'కొంచెం' అనలేక ఎన్ని గంటలు అరుస్తామో.

వాన నుంచి కాతకు గీత మీద "పెంచుతుంది" అని రాశారు. కాత నుంచి ధరకు "తగ్గిస్తుంది." రెండూ అందరికీ నచ్చాయి. 'మనం' అన్న అమ్మాయి రెండు గీతల మీద వేలు పెట్టి నడిపిస్తూ, "అయితే వాన పడితే ధర తగ్గిపోతుందా మేడమ్? వాన మంచిదా, చెడ్డదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఒక ప్రశ్నార్థకం గుర్తు పెట్టి వదిలేశాం.

జూలై 10న మెగా పీటీఎం. తల్లిదండ్రులంతా వస్తారు కాబట్టి హెచ్‌ఎం సారు గదులన్నీ అలంకరించమన్నారు. మా గదిలో అలంకారం అంటే ఆ క్యాలెండరు కాగితమే. కొట్టివేతలు, పెన్సిలు మరకలు, ఒక మూల సాంబారు చుక్క కూడా. ఒకావిడ లోపలికి వచ్చి చుట్టూ చూసి, "మా అమ్మాయి చార్టు ఏదమ్మా?" అంది. ఇదేనమ్మా అన్నాను. ఆమె మొహంలో నాకు సున్నా మార్కులు పడ్డాయి.

తర్వాత ఒక తాత వచ్చాడు. మనవడి కోసం వచ్చినవాడు, మనవడి సంగతి అడగకుండా కాగితం ముందే నిలబడిపోయాడు. మనవడి చేత ఒక్కో గీతా చదివించుకున్నాడు. వాన, కాత దగ్గర చెయ్యి ఎత్తి ఆపాడు. "ఎవురు రాసింది ఇది? ఏ వాన?" అన్నాడు. వాన అంటే వానే కదా తాతా అన్నారు. "అట్లంటే ఎట్లమ్మా? ఐప్పసి నెలలో, కార్తీకంలో పడితే చెట్టుకు బలం. దాని తర్వాత చెట్టు ఎండాల. ఎండకుండా మళ్లా వాన పడితే పూత రాదు, ఆకు చిగురేస్తాది. పూత మింద పడితే అంతా రాలిపోతాది. పిందె నిలిచినాక ఒక తడి పడితే కాయ లావైతాది. ఎండాకాలం గాలివాన వస్తే ఆ కాయే కింద ఉంటాది. మీరు ఒకటే వాన రాసినారే!"

పిల్లలు ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి అప్పటికప్పుడు 'వాన' గడిని నాలుగు గళ్లుగా చీల్చారు. నవంబరు వాన, పూత ముందు వాన, పూత మీద వాన, పిందె మీద వాన. నాలుగు గీతలు, నాలుగు వేరు వేరు మాటలు: బలమిస్తుంది, ఆపుతుంది, రాల్చేస్తుంది, పెంచుతుంది. ఈశాన్య రుతుపవనాల పాఠం నేను ఏటా చెబుతాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాకు వానలు అని నోట్సు రాయిస్తాను. ఆ నెలలకూ మామిడి పూతకూ ఉన్న లంకె నేనే ఎప్పుడూ చెప్పలేదు. తెలియక కాదు, తోటల మధ్య పుట్టినదాన్నే. పాఠంలోకి అది వస్తుందని అనుకోలేదు.

సాధనం పిల్లవాడికి ఆలోచన పుట్టిస్తుందని శిక్షణలో అన్నారు. నాకు అలా కనిపించలేదు. ఆలోచన వాళ్ల దగ్గర ముందే ఉంది. ఎక్కడ తెగిపోయి ఉందో ఆ పటం మీద బయటపడింది, తాత లాంటి మనిషి వేలు పెట్టి చూపించగలిగేంత స్పష్టంగా. చార్టు మీద వ్యాసం అతికించి ఉంటే ఆయన చదివేవాడూ కాదు, ఆపేవాడూ కాదు.

ఖర్చు లేకుండా ఏదీ రాదు. నాకు మొత్తం పదకొండు పీరియడ్లు పట్టాయి. సిలబస్‌లో ఒకటిన్నర పాఠం వెనకబడ్డాను, ఆగస్టులో సాయంత్రాలు కూర్చోబెట్టి పరుగెత్తించాను, అది వాళ్లకూ నాకూ టెన్షనే. హెచ్‌ఎం సారు ఒకసారి పిలిచి, "బాగుందమ్మా, కానీ పది వాళ్లతో మాత్రం వద్దు" అన్నారు. ఆయన బాధ ఆయనది. మార్కులు వేయడం ఇంకో తలనొప్పి. చివరికి నీటుగా ఉన్నదానికి కాక, మొదటి కాగితానికీ చివరి కాగితానికీ మధ్య ఏం మారిందో, ఎందుకు మార్చుకున్నారో చెప్పగలిగినదానికి వేశాను. బోర్డరు బాగా గీసే అమ్మాయికి మొదటిసారి మార్కు తగ్గింది. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

పట్టికలో మూడో గడి, 'నేర్చుకున్నాను', సగం మంది ఖాళీగానే ఇచ్చారు. మా ట్రాక్టరు ఎందుకు నిలబడింది అన్న ప్రశ్నకు ఒక్క జవాబు రాలేదు, ఆరు ముళ్ల నిండా కొంచెం కొంచెం జవాబులు వచ్చాయి. వెనక బెంచీ కుర్రాడికి అది నచ్చలేదు. "ఇంత చేసి ఒకటి తేల్చలేదు మేడమ్" అన్నాడు. నిజమే.

ఆ పటంలో ఫ్యాక్టరీ నుంచి ధరకు ఒక గీత ఉంది. దాని మీద మాట పడలేదు. "తగ్గించింది" అని కొందరు, "తగ్గించక తప్పలేదు" అని కొందరు. ఏది రాయాలన్నా తెల్ల సుద్ద ఆధారం మా దగ్గర లేదు. కొట్టేద్దామంటే ఎవరూ ఒప్పుకోలేదు. అలాగే ఖాళీగా వదిలేసి కాగితాన్ని వెనక గోడకు అంటించాం. దసరా సెలవులు, పరీక్షలు, అది అక్కడే ఉండిపోయింది.

సంక్రాంతి సెలవుల తర్వాత గది ఊడిపిస్తుంటే దగ్గరికి పోయి చూశాను. ఆ ఖాళీ గీత మీద ఎవరో పెన్సిలుతో సన్నగా రాశారు. ఆ చేతిరాత ఎవరిదో నాకు తెలుసు, ఆ రోజు తల వంచుకుని కూర్చున్న అబ్బాయిది. "మా నాన్నకూ తెలీదంట."